ట్రేడ్‌మార్కు హక్కులు: నమోదు, బదలాయింపు, అమలు

వస్తువు లేదా సేవ ఏ సంస్థదో కొనుగోలుదారుకు తెలిపే పేరు, గుర్తు, లేబులు మొదలైనవి ట్రేడ్‌మార్కులు. 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉన్న ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 వీటికి రక్షణ కల్పిస్తున్నది. దుకాణపు లైసెన్సు లేదా కంపెనీ రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన ఈ హక్కు సంక్రమించదు.

నమోదు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యాపారుల దరఖాస్తులు చెన్నైలోని ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. పరిశీలనానంతరం ఆమోదించిన చిహ్నాన్ని ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రకటిస్తారు. ఆపై 4 నెలలలోగా ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చును. నమోదు, దరఖాస్తు తేదీ నుండి 10 సంవత్సరాలు చెల్లుతుంది. రుసుము చెల్లించి ఎన్నిమార్లయినా పునరుద్ధరించుకొనవచ్చును.

బదలాయింపు: వ్యాపార ప్రతిష్ఠతో సహా గాని, అది లేకుండా గాని చిహ్నాన్ని రాతపూర్వకంగా బదలాయించవచ్చును. ప్రతిష్ఠ లేకుండా బదలాయించినపుడు 6 నెలలలోగా రిజిస్ట్రారు ఆదేశాలు కోరి, ఆ ప్రకారం ప్రకటన ఇవ్వవలసి ఉంటుంది. హక్కు పొందినవారు తమ పేరు నమోదుకు వెంటనే దరఖాస్తు చేసుకొనుట ముఖ్యం. అంతవరకు, ఆ సంగతి తెలియక అదే చిహ్నంపై హక్కు పొందిన మరొకరిపై ఆ బదలాయింపు చెల్లదు.

అమలు: నమోదిత యజమాని తాను నివసించే లేదా వ్యాపారం చేసే ప్రాంతపు జిల్లా న్యాయస్థానంలోనే దావా వేయవచ్చును. నమోదు కాకున్నా, వాడుకలో పేరు పొందిన చిహ్నాన్ని అనుకరించినవారిపై ‘పాసింగ్ ఆఫ్’ దావాకు అవకాశం ఉన్నది. నకిలీ చిహ్నాల వినియోగానికి సాధారణంగా 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, రూ.50 వేల నుండి రూ.2 లక్షల వరకు జరిమానా విధిస్తారు. డీఎస్పీ లేదా అంతకు పైస్థాయి పోలీసు అధికారి వారంటు లేకుండా సోదా చేసి సరుకును స్వాధీనం చేసుకొనవచ్చును. అయితే సోదాకు ముందు రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకొని, దానికి కట్టుబడి ఉండవలెను.