ఊపిరాడని కణం దాచుకునే చీటీ

టేకులపల్లి మండలం కోయగూడెంలో ఇవాళ ఓపెన్‌కాస్టు కనిపిస్తుంది గానీ, పక్కనున్న ఇల్లందులో పాత రోజుల్లో బొగ్గంతా భూగర్భ గనుల్లోంచే వచ్చేది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఆ ప్రాంతంలోనే బొగ్గు జాడ పట్టారు. గాలాడని బొగ్గుబాయిలో బొగ్గే ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. అందుకే పనిచోట గాలిలో అది 19 శాతానికి తగ్గకూడదని నిబంధన. కొరత ముదిరితే పాతకాలం సేఫ్టీ ల్యాంపు 16 శాతం దగ్గర ఆరిపోయేది. మరి శరీరంలోని కణం ఆ కొరతను ఎలా తట్టుకుంటుంది?

జవాబులో కొంత మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలో ఉంది. జన్యువులోని సమాచారాన్ని ప్రొటీన్ తయారయ్యే చోటికి అది మోస్తుందన్న సంగతి 1961లో రుజువైంది. పని అయ్యాక చింపేసే చీటీ లాంటిది అది. ఆర్‌ఎన్‌ఏ రాతలోని ఎ, యు అక్షరాలు గుంపుగా ఉన్న చీటీలు తొందరగా చిరిగిపోతాయని 1986లో షా, కామెన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు.

ఆక్సిజన్ తగ్గితే ఎర్ర రక్తకణాల కోసం మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ హార్మోన్‌ను పెంచుతాయి. ఇందుకు కొత్త చీటీలు రాయించే హిఫ్-1 ప్రొటీన్‌ను 1992లో గ్రెగ్ సెమెంజా బృందం గుర్తించింది. ఆక్సిజన్‌ను కణాలు పసిగట్టే తీరును వివరించినందుకు 2019లో ఆయనకూ, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకూ నోబెల్ దక్కింది. అయితే రాయడం ఒక్కటే ఈ పెరుగుదలకు కారణం కాదని 1991లోనే గోల్డ్‌బెర్గ్, బన్ బృందం తేల్చింది. ఉన్న చీటీ ఎంతకాలం నిలుస్తుందన్నదీ లెక్కలోకి వచ్చింది.

దాన్ని కొలిచే పద్ధతి ఇది. ఎలుక కణాలను తక్కువ ఆక్సిజన్‌లో ఉంచుతారు. యాక్టినోమైసిన్-డి వేసి కొత్త రాతను ఆపేస్తారు. తర్వాత కొంతసేపటికొకసారి మిగిలిన ఆర్‌ఎన్‌ఏను తీసి చూస్తారు. కొత్త రక్తనాళాలను మొలిపించే వీఈజీఎఫ్ చీటీల్లో మామూలుగా ముప్పావుగంటకే సగం పోతాయి. ఆక్సిజన్ కొరతలో అందుకు రెండు రెట్లకు పైగా సమయం పడుతుందని 1996లో లెవీ, గోల్డ్‌బెర్గ్‌లు ప్రచురించారు. హెచ్‌యూఆర్ అనే ప్రొటీన్ ఆ ఎ, యు భాగాన్ని పట్టుకుని, చీటీని చిరగకుండా కాస్తుందని 1998లో తెలిసింది.

కొరతలో కణం ప్రొటీన్ల తయారీని మొత్తం మీద తగ్గించుకుంటుంది. బతకడానికి కావలసిన చీటీలను మాత్రం కాపాడుకుంటుంది. రక్తనాళాలకు దూరమైన క్యాన్సర్ కణాలూ ఇదే దారి పడతాయి. 2004లో అమెరికాలో అనుమతి పొందిన బెవాసిజుమాబ్, తయారైపోయిన వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను పట్టుకుని అడ్డుకుంటుంది. ఆ ప్రొటీన్ వెనకున్న చీటీ ఆయుష్షును తగ్గించగలిగితే, గడ్డకు కొత్త నెత్తురు దారులు వేసే ఉత్తర్వును మొదట్లోనే ఆపవచ్చు. అందుకే నోబెల్ కథలో అంతగా వినిపించని ఈ సగాన్ని కూడా మన విద్యార్థులు చదవాలి.