బండమీద చెక్కిన పశ్చాత్తాపం



పరీక్ష తప్పిన పిల్లవాడు, పంట పోగొట్టుకున్న రైతు, కోపంలో నోరు జారి రాత్రంతా నిద్రపోని తల్లి. మన సత్యనారాయణపేటలోనైనా, మరే ఊళ్లోనైనా వీరి నోట వచ్చే మాట ఒకటే: “నేనింతే, దేనికీ పనికిరాను.” చెడింది ఒక్క పని. శిక్ష మాత్రం మనిషి మొత్తానికి!

చేసిన తప్పును ఎలా చూసుకోవాలో మన చుట్టుపక్కల బండలే కొంత చెబుతాయి. బళ్లారికి ఉత్తరాన సిరుగుప్ప తాలూకాలో నిట్టూరు, ఉడేగోళం. తూర్పున గుత్తి, పత్తికొండల నడుమ ఎర్రగుడి. మూడుచోట్లా అశోకుని శాసనాలున్నాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం.

అశోకుడు పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు, అంటే క్రీ.పూ. 261 ప్రాంతంలో, కళింగను జయించాడు. ఎర్రగుడిలోని పదమూడవ శాసనంలో ఆ లెక్క ఆయనే చెప్పాడు: చెరపట్టినవారు లక్షన్నర, చంపబడినవారు లక్ష, ఆ తరువాత పోయినవారు అంతకు ఎన్నోరెట్లు. అందుకు తాను పశ్చాత్తాప పడుతున్నానన్నాడు. గమనించండి. తప్పును తగ్గించి చెప్పలేదు. అలాగని కుమిలిపోతూ కూర్చోనూ లేదు. ఇకమీదట ధర్మవిజయమే అసలైన విజయమన్నాడు. అయితే కళింగలోని ధౌళి, జౌగడ బండలమీద మాత్రం ఈ శాసనం చెక్కించలేదు. దెబ్బతిన్నవారి ఎదుట ఆ మాట అనడం రాజుకూ కష్టమేనేమో!

ఆయన చిన్న శిలాశాసనంలో మరో మాట ఉంది. తాను ఉపాసకుడై రెండున్నరేళ్లు దాటిందనీ, మొదటి ఏడాది గట్టిగా ప్రయత్నించలేదనీ, సంఘానికి దగ్గరైన తరువాత ఏడాదికి పైగా పట్టుదలతో ఉన్నాననీ చెప్పుకున్నాడు. ఈ ఫలం గొప్పవారికే కాదు, ప్రయత్నిస్తే చిన్నవారికీ దక్కుతుందన్నాడు.

1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్, కుంగిపోయినవారి ఆలోచనలను పరిశీలించాడు. వారు తమను, లోకాన్ని, రాబోయే కాలాన్ని చీకటిగానే చూస్తారని గుర్తించాడు. ఆ ఆలోచన నిజమేనా అని రోగిచేతనే పరీక్షింపజేయడం ఆయన చికిత్సలో ముఖ్యమైన భాగం.

కనుక శ్రోతలారా, మనసు మనల్ని నిందించినప్పుడు రాజు చేసినట్టే లెక్క చూసుకుందాం. ఏం జరిగింది? నా పొరపాటు ఎంత? రేపు ఏం చేయాలి? వారాల తరబడి దిగులు వదలకపోతే మాత్రం డాక్టరును కలవాలి. అందులో సిగ్గుపడవలసింది లేదు.

తప్పు మనది కావచ్చు. మనం మాత్రం తప్పు కాదు.