పొయ్యి పొగ నుంచి గుండె దాకా

మన సంఘం సమావేశాల్లో నలుగురు కూర్చుంటే మాటలు డి.ఎ. బకాయిలతో మొదలై బి.పి., షుగర్ల దగ్గరకు వస్తాయి. గుండె గురించి మాట్లాడుకున్నంతగా ఊపిరితిత్తుల గురించి మాట్లాడుకోం. ఆ రెంటికీ ఉన్న సంబంధం నాకు తెలిసేసరికి నలభై ఏళ్లు దాటిపోయాయి. ఈ ప్రత్యేక సంచికకు ఆ సంగతే రాస్తున్నాను.

మాది విడవలూరు. మా అమ్మ వంటిల్లు కిటికీ లేని చిన్న గది. సముద్రపు ఒడ్డు తోపుల్లో ఊడ్చి తెచ్చిన సరుగుడు ఆకు, తాటి మట్టలు, పిడకలు, ఇవే వంటచెరకు. వానాకాలంలో పొయ్యి అంటుకోక గొట్టంతో ఊది ఊది ఆమె కళ్లు ఎర్రబడేవి. జన్మలో చుట్ట ముట్టని మనిషి. నలభై దాటేసరికి దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. తర్వాత కాళ్లు వాచాయి, పొట్ట ఉబ్బింది. 1974లో టౌనుకు తీసుకుపోయి చూపిస్తే గుండె జబ్బన్నారు. నీరు దిగడానికి మాత్రలిచ్చారు. పొయ్యి సంగతి వారు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇంటికొచ్చాక మళ్లీ అదే పొయ్యి. మరుసటి ఏడు అమ్మ పోయింది.

2020 ఆగస్టులో డాక్టర్ ఎస్. పద్మావతి గారు 103 ఏళ్ల వయసులో కరోనాతో కన్నుమూశారు. ఆమె గురించి చదువుతుంటే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. బర్మాలో పుట్టి, రంగూన్‌లో వైద్యం చదివి, ఢిల్లీ లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో పనిచేసిన పద్మావతి గారు మన దేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల గుండె దెబ్బతిన్న 127 మంది రోగులను పరిశీలించి, పాఠక్ అనే వైద్యుడితో కలిసి 1959లో అమెరికా వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా మగవారి జబ్బు. ఢిల్లీలో ఆడవారూ ఇంచుమించు మగవారితో సమానంగా దీని పాలబడ్డారు, అదీ చిన్న వయసులోనే. పొగాకు అలవాటుతో దీనికి సమాధానం దొరకలేదు. వంటింటి పొగ మీదికి అనుమానం మళ్లింది.

పొగ ఊపిరితిత్తుల్లో చేరితే గుండెకేమిటి సంబంధం? గుండె కుడివైపు నుంచి నెత్తురు ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపుకు చేరుతుందని 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు రాశాడు. 1628లో ఇంగ్లండు వైద్యుడు హార్వే రక్తప్రసరణను నిరూపించాడు. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ తన చేతి నరం గుండా సన్నని గొట్టాన్ని తన గుండెలోకే పంపుకున్నాడు. ఆ పద్ధతిని అమెరికాలో కుర్నాండ్, రిచర్డ్స్ అభివృద్ధి చేసి గుండె, ఊపిరితిత్తుల లోపలి ఒత్తిడిని కొలిచారు. ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి దక్కింది.

అసలు కీలకం 1946లో స్వీడన్‌లో బయటపడింది. ఆక్సిజన్ తగ్గితే శరీరంలో మిగతాచోట్ల రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం ముడుచుకుంటాయని ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద పరీక్షించి చూపారు. మన పెన్నా కాలువల కింది రైతు, అక్కరలేని కయ్యకు మడవ కట్టి నీటిని వేరే కయ్యకు మళ్లించినట్టే ఇది. ఒకచోట కడితే మేలే. అన్ని మడవలూ కట్టేస్తే? నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. పొగతోనో దుమ్ముతోనో ఊపిరితిత్తులు రెండూ చెడినప్పుడు జరిగేదిదే. గుండె కుడి గది గోడ పలచన. ఆ ఒత్తిడికి ఎదురు నెట్టి నెట్టి అది ఉబ్బి అలసిపోతుంది. మెడ నరాలు పొంగుతాయి, కాలేయం వాస్తుంది, కాళ్లకు నీరు దిగుతుంది. అమ్మకు గుండె జబ్బన్నది నిజమే, కానీ దాని మూలం ఊపిరితిత్తుల్లో ఉంది.

పొయ్యి పొగ ఒక్కటే కాదు. చుట్టా బీడీలు, గూడూరు వైపు అభ్రకం గనుల్లో రాతి దుమ్ము, క్షయ మానినా మిగిలిపోయే మచ్చలు, ఇవన్నీ అదే దారి పట్టిస్తాయి. ఒంట్లో ఆక్సిజన్ ఎప్పుడూ బాగా తక్కువగా ఉండే ఇలాంటి రోగులకు రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్ పరిశోధనలు తేల్చాయి. అమ్మ పోయి అప్పటికి ఐదారేళ్లు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక మన పల్లెల్లో గ్యాసు పొయ్యిలు పెరిగాయి. కానీ స్నానాల నీళ్లకు చాలా ఇళ్లలో ఇంకా పుల్లల పొయ్యే. మా ఇంట్లో కూడా నిన్నమొన్నటి దాకా కోడలు దాని ముందు కూర్చుని దగ్గుతుండేది. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాకనే ఆ పొయ్యి తీయించాను.

మిత్రులకు నా మనవి ఒక్కటే. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. కాళ్లు వాస్తే గుండెతో పాటు ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేయమని డాక్టరును అడగండి. మీరు ఏ పొగలో ఎన్నేళ్లు గడిపారో, ఆయన అడగకపోయినా చెప్పండి.