జొన్నాడ వంతెన కింద మన ఏళ్లు

జొన్నాడ నుంచి రావులపాలెం వెళ్లే వంతెన కింద పారేది గౌతమి. ఆ నీళ్లలో శబరి, సీలేరు, బస్తర్ నుంచి వచ్చిన ఇంద్రావతి ఉన్నాయి. ఇక్కడికి చేరేసరికి ఆ పేర్లేవీ మిగలవు.

ఒడిశా కొండల్లో కొలాబ్‌గా పుట్టిన ఏరే కిందికొచ్చి శబరి. మాచ్‌ఖండ్ సీలేరై మోటు దగ్గర దానిలో కలుస్తుంది. కూనవరం వద్ద శబరి గోదారిలో పడుతుంది. ఇంద్రావతి కలహండిలో పుట్టి, చిత్రకోట్ దగ్గర దూకి, అంతకు ఎగువనే గోదారిని చేరుతుంది. పాపికొండలు దాటి ధవళేశ్వరం చేరాక గోదారి గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది.

బడిలో మేం చదివిన గోదావరి చరిత్ర మాత్రం కాటన్ ఆనకట్టతోనే మొదలైంది: 1847లో పని మొదలు, 1852లో పూర్తి. అది డెల్టాకు అన్నం పెట్టింది, కాదనం. మరి ఎగువన?

గోదారి నిండితే శబరికి పోయే దారి ఉండదు. నీళ్లు వెనక్కి ఎక్కి కూనవరం, చింతూరు వైపు ఊళ్లను ముంచుతాయి. దీన్నే ఎగపోటు అంటాం. భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ జూలైలో కోనసీమ లంకలూ మునిగాయి. లంకల వాళ్లు నీళ్లు తీశాక ఇళ్లకు తిరిగొచ్చారు. పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన మన వాళ్లకు ఆ తిరిగి రావడం లేదు.

పిల్లలతో నది పటం గీయించేటప్పుడు పెన్సిల్ కొలాబ్ దగ్గర పెట్టిస్తాం. జొన్నాడ చేరాక గౌతమి పక్కన శబరి పేరు కూడా రాయిస్తాం.