టీవీలో చుక్కలు: నాన్న పట్టుకున్న తప్పు

దూరదర్శన్ రోజుల మీద చేసిన ఎపిసోడ్ విన్నారు కదా. దాని వీడియో మొదట్లో మూడు సెకన్లు పాత టీవీ చుక్కలు పెట్టాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్‌గా దొరికే ఎఫెక్టే. ఊళ్ళో ఉన్న నాన్నకి పంపితే వెంటనే ఫోన్ చేశారు. "ఒరేయ్, ఇవేం చుక్కలురా? ఎర్రవీ పచ్చవీ ఉన్నాయి. టీవీలో ఇలా వచ్చేవా ఎప్పుడైనా?"

ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! ఆదివారం పొద్దున్న రామాయణం టైముకి డాబా ఎక్కి యాంటెనా తిప్పింది ఆయనే. కింద నుంచి "వచ్చింది, వచ్చింది... ఆఁ, పోయింది" అని అరిచింది నేను.

అసలు ఆ చుక్కలు ఎక్కణ్ణుంచి వచ్చేవి? "అంతరాయానికి చింతిస్తున్నాం" అనే బోర్డు కనిపిస్తే కార్యక్రమం దగ్గర ఏదో ఆగిందని, కానీ సిగ్నల్ మాత్రం మన ఇంటిదాకా వస్తోందని అర్థం. చుక్కలు వస్తే అసలు సిగ్నలే అందడం లేదని అర్థం. అప్పుడు టీవీ ఊరుకోదు. ఎక్కడైనా చిన్న సిగ్నల్ దొరుకుతుందేమోనని తన శక్తి కొద్దీ పెంచి వింటుంది. దొరికేది గాలిలోని చిల్లర రేడియో తరంగాలు, సెట్ లోపలి భాగాల్లో వేడికి కదిలే ఎలక్ట్రాన్ల రొద. ఈ రొదని అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ కొలిచారు. అదెందుకు పుడుతుందో హ్యారీ నైక్విస్ట్ లెక్క కట్టి చెప్పారు. ఇద్దరి పేపర్లూ 1928లో వచ్చాయి.

మరి రంగుల సంగతి? నాన్న మాటే కరెక్టు. కలర్ టీవీలో కూడా చుక్కలు నలుపు తెలుపే. రంగుల సిగ్నల్‌తో పాటు వచ్చే ఒక గుర్తు కనపడకపోతే, కలర్ కిల్లర్ అనే సర్క్యూట్ రంగుల్ని ఆపేస్తుంది. నా ఎఫెక్టులో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదన్నమాట.

ఇంకో విషయం మా ఇంటికి దగ్గరది. ఎడిసన్‌లో ఉండే మనవాళ్ళకి హోమ్‌డెల్ తెలిసే ఉంటుంది, కారులో అరగంట పైచిలుకు. 1964లో అక్కడి పెద్ద కొమ్ములాంటి యాంటెనాలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌లకి ఒక రొద వినిపించింది. ఎటు తిప్పినా పోలేదు. లోపల గూడు కట్టిన పావురాల్ని తరిమారు, రెట్టలు కడిగారు. అయినా పోలేదు. చివరికి అది విశ్వం పుట్టిన సుమారు 3 లక్షల 80 వేల ఏళ్ళకి బయల్దేరిన వెలుగు తాలూకు శేషమని తేలింది. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన పాత టీవీ చుక్కల్లో దాదాపు ఒక్క శాతం ఆ శేషమేనని చెబుతారు. అంటే నాన్న డాబా మీద యాంటెనా తిప్పినప్పుడల్లా దాదాపు 1,380 కోట్ల ఏళ్ళనాటి కబురు కాస్త మా ముందుగదిలోకి వచ్చేది. మేమేమో దాన్ని తిట్టుకునేవాళ్ళం!

ఇక్కడ అమెరికాలో పెద్ద స్టేషన్లు 2009 జూన్ 12న అనలాగ్ ప్రసారం ఆపేశాయి. డిజిటల్‌లో మసక బొమ్మ అంటూ ఉండదు. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే గళ్ళుగళ్ళుగా ఆగిపోతుంది. అందుకే మా అమ్మాయి ఆ మూడు సెకన్లు చూసి "ఫైల్ పాడైందా?" అని అడిగింది.

సరే, ఎఫెక్టు మళ్ళీ చేశాను. మీరూ చేయాలనుకుంటే ఇదీ పద్ధతి. ఖాళీ లేయర్ మీద నాయిస్ పూర్తిగా పెంచండి. కలర్ నాయిస్ టిక్ తీసేయండి. చుక్కల్ని అడ్డంగా కాస్త సాగదీయండి, ఎందుకంటే పాత టీవీలో అవి గుండ్రంగా కాక చిన్న గీతల్లా ఉండేవి. కాంట్రాస్ట్ పెంచండి. మన దేశపు టీవీ కావాలంటే సెకనుకి 25 ఫ్రేములు పెట్టండి. 30కి దగ్గరగా ఉండేది అమెరికా పద్ధతి. ప్రతి ఫ్రేములో చుక్కలు మారాలి. చివరగా ఆ బుస్సుమనే శబ్దం, కొంచెం తగ్గించి.

కొత్తది నాన్నకి పంపాను. ఈసారి ఫోన్ రాలేదు, మెసేజ్ వచ్చింది: "ఇప్పుడు సరిగ్గా ఉంది. యాంటెనా కొంచెం ఎడమకి తిప్పు."