కాటమరాజు కథ – పురాణగాథల చిరంజీవిత్వము



మన వార్షిక మహాసభలయందు విద్యావిషయములును, వృత్తివిషయములును, సంఘాభివృద్ధి మార్గములును చర్చింపబడుట సహజము. ఈ సంచికయందు మేము వేరొక విషయమును మీ యెదుట నుంచదలచితిమి. మన తాతలు వినిన కథలనే మన మనుమలును వినగోరుచున్నారు. రాజ్యములు పోయినవి, కోటలు కూలినవి, శిలాక్షరము లరిగిపోయినవి. కథలు మాత్రము నిలిచియున్నవి. దీనికి కారణమేమి? సమాధానమునకై దూరదేశములకు పోనక్కరలేదు. అది మన పల్లెలలోనే యున్నది.

మన చీపురుపల్లి యొకప్పుడు శ్రీకాకుళము జిల్లాలోనిదై, 1979వ సంవత్సరమున విజయనగరము జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరినది. జిల్లాలు రెండయినను తప్పెటగుళ్ల మ్రోత యొక్కటియే. రేకుతో చేసిన గుండ్రని తప్పెటను రొమ్మున కట్టుకొని, కాళ్లకు గజ్జెలు ధరించి, రెండరచేతులతో వాయించుచు, గుంపుగా నెగిరి యాడుచు మన యాదవులు గంగమ్మను కీర్తింతురు. సారంగధర చరిత్రము, తులసీ జలంధరము, చెంచులక్ష్మి కథ మొదలగునవియు వారి నోటనుండి వెలువడును. వీరిలో ననేకులు పుస్తకము పట్టి చదివినవారు కారు. కాని రాత్రి తెల్లవార్లు కథ నడపగలరు.

గంగమ్మ పేరు వినగానే యాదవులకు కాటమరాజు స్మరణకు వచ్చును. ఆతని కథకు మూలమైన వృత్తాంతము క్రీస్తుశకము పదుమూడవ శతాబ్దికి చెందినది. నెల్లూరు సీమను తెలుగుచోడుడగు మనుమసిద్ధి యేలుచుండెను. తిక్కన సోమయాజి యాతని యాస్థానమునందు మంత్రియు, కవియునై వెలసిన కాలమది. వానలు లేక మేత నశింపగా కాటమరాజు తన మందలను దక్షిణమునకు తోలుకొనిపోయి, నెల్లూరి పచ్చికబయళ్లలో విడిసెను. మేతకు ప్రతిగా రాజునకు పుల్లరి చెల్లింపవలయునని యొడంబడిక జరిగెను. ఆ పుల్లరిని గూర్చియే వైరము పుట్టి, పాలేటి యొడ్డున పంచలింగాలకడ ఘోరయుద్ధమయ్యెను. తిక్కన సోమయాజికి దాయాదియైన ఖడ్గతిక్కన రాజపక్షమున పోరాడి యందు మడిసెను. ఉభయపక్షముల వీరులును నేలకొరిగిరి.

ఇంతవరకు చరిత్ర. దీనిపై గాథ తన యల్లిక నల్లినది. రాజుగారి ప్రియురాలి చిలుకను గొల్లలు చంపుటచే వైరము ముదిరెనని కథకులు చెప్పుదురు. గంగాదేవి కాటమరాజును వరించి, ఆతనితో వాదించునట. చరిత్రకారుడు వీనిని పక్కకు తీసిపెట్టును. శ్రోత మాత్రము వీనికొరకే రాత్రియంతయు మేలుకొనును.

మనుమసిద్ధి యేయేట సింహాసన మెక్కెనో పండితులను తప్ప నితరులను అడిగి ప్రయోజనము లేదు. పుల్లరి తగవు మాత్రము పామరులకును తెలియును. ఏలయనగా నందలి ప్రశ్న నేటికిని తీరలేదు. వాన కురియనప్పుడు గడ్డి యెవరిది? నీ రెవరిది? వేసవిలో గొఱ్ఱెలమందను పొరుగూరి కోతచేలలోనికి తోలుకొనిపోయి, ఆసామి పొలమున మందకట్టు కాపరికి ఈ ప్రశ్న ప్రతిసంవత్సరమును ఎదురగును. భాగవతములోని గోవర్ధనోద్ధరణ కథకును వేరు ఇదియే. అందును వాన, కొండ, పసులమంద. మహాపురాణమును, పల్లెపాటయు నొక్క గడ్డిపరకనుండియే మొలకెత్తినవని మా యభిప్రాయము.

మఱియొక కారణమును గలదు. ఈ గాథ శత్రువును చిన్నబుచ్చదు. ఖడ్గతిక్కన యొకమారు యుద్ధమునుండి మరలి యింటికి రాగా, తల్లియు భార్యయు ఎగతాళి చేసిరనియు, అంతట నాతడు తిరిగి రణమునకేగి ప్రాణములు విడిచెననియు తెలుగునాట ప్రసిద్ధి. పగవాని పౌరుషమును మెచ్చు కథను వినుటకు పగవాని సంతతియు వచ్చి కూర్చుండును. అట్టి కథకు చావు లేదు.

ఇతరదేశములలోను ఇట్లే జరిగినది. జర్మనీదేశమున గ్రిమ్ సోదరులు ఇంటింటి కథలను సేకరించి 1812వ సంవత్సరమున మొదటి సంపుటమును ప్రకటించిరి. వారికి కథలు చెప్పినవారిలో ననేకులు స్త్రీలు. మనదేశమున తంగిరాల వెంకటసుబ్బారావుగారు కాటమరాజు కథలను సేకరించి పరిష్కరింపగా, 1970వ దశకమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించినది. ఇది మన కులమునకేకాక తెలుగుజాతికంతకు మహోపకారము. అయినను పుస్తకము మాటను దాచగలదు గాని గొంతును, గజ్జెను దాచజాలదు.

ఇచ్చట నొక ఋణమును మనము స్మరింపవలయును. దక్షిణసీమలో కాటమరాజు కథను కొమ్మూది తరతరములుగా గానము చేసినవారు కొమ్మువారు. వారు మన కులమువారు కారు. మన వీరుల పేళ్లను మనము మఱచిన యిండ్లలో సైతము వారు మఱవలేదు. తమ పూర్వుల కథ యని మనము గర్వించుచున్నాము. దానిని మోసినవారి భుజములెవ్వరివో యెఱుగకున్న నా గర్వమున కర్థము లేదు.

ఇంకొక మాట. కులసభలయందు పురాణమును తెచ్చి వంశవృక్షముగా చూపుట పరిపాటియైనది. యదువంశ మహిమను పాడుకొనుటలో దోషము లేదు. కాని గాథ శాసనము కాదు. దానిని శాసనముగా చూపిన పండితులు నవ్వుదురు. శాసనము లేదని గాథను త్రోసివేసినచో మన పిల్లలు దరిద్రులగుదురు. చరిత్ర యేమి జరిగెనో చెప్పును. జరిగినదానిని మనవారు గుండెలో నెట్లు దాచుకొనిరో గాథ చెప్పును. రెంటిని రెండుగా నుంచుకొనుట వివేకము.

కావున సంఘపోషకులకు మా మనవి యిది. సభామంటపములకును, సన్మానములకును వెచ్చించు ధనములో నొక భాగమును తప్పెటగుళ్ల గురువులకును, వారియొద్ద నేర్చుకొను బాలబాలికలకును కేటాయింపుడు. వృద్ధులు పాడు పాటలను, వారు జీవించియుండగనే, యంత్రములయందు నిక్షేపింపుడు. పాడినవారి పేరును, ఊరిని మఱువక వ్రాయించుడు. కొమ్మువారిని మన సభలకు పిలిచి, ముందువరుసలో కూర్చుండబెట్టి వినుడు.

పాత కథ తనంతట తాను బ్రతుకదు. చెప్పువాడొకడు, వినువాడొకడు ఉన్నంతకాలము మాత్రమే బ్రతుకును. వినువారు నేటికిని గలరు. చెప్పువారిని నిలుపుట మన చేతిలోని పని.