మందు కొట్టి వచ్చాక తల తిరుగుతోందా? వడదెబ్బ అనుకుని పండుకోవద్దు

ఎల్లంతకుంట మండలంలో వరి, పత్తికి ఆగస్టు నుంచి అక్టోబరు వరకు మందు కొట్టే పని ఎక్కువ. చేనులోంచి వచ్చిన మనిషి తల తిరుగుతోంది, వాంతి వస్తోంది అంటే ఇంట్లో వాళ్లు ఎండకు అయిందంటారు. తూలుతూ వస్తే కల్లు తాగిండంటారు. ఈ అనుమానాలతోనే చికిత్సకు అక్కరకొచ్చే సమయం పోతుంది.

ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నరాల పనిని అదుపులో పెట్టే ఎంజైమును ఆపేస్తాయి. దాంతో విపరీతంగా చెమట, నోట్లోంచి చొంగ, కళ్లలో నీళ్లు, కడుపునొప్పి, విరేచనాలు, ఛాతీ పట్టేయడం, కండరాలు అదరడం కనిపిస్తాయి. ఎండలో పని చేస్తే ఎవరికైనా చెమట పడుతుంది, అదొక్కటి చూసి తేల్చుకోవద్దు. కళ్లు చూడండి. నీడలో కూడా కంటిపాప ఆవగింజంత చిన్నగా ఉంటే మందు ప్రభావమేనని గట్టిగా అనుమానించాలి. పాప మామూలుగా ఉన్నా మిగతా లక్షణాలుంటే ఆసుపత్రికి పోవాల్సిందే.

విషం మింగితేనే ఎక్కుతుందనుకోవద్దు. 2017లో మన ఆదిలాబాద్ పక్కనున్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడు పత్తి ఏపుగా పెరగడంతో మందు ముఖం మీదే పడింది. చెమటకు తడిసిన చర్మం గుండా, వీపు మీద కారే పంపు గుండా కూడా మందు ఒంట్లోకి పోతుంది.

లక్షణాలు కనిపిస్తే మనిషిని చేనులోంచి గాలి తగిలే చోటుకు తెచ్చి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని బట్టలు విప్పేయండి. తల, గోళ్లు సహా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడగండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు పోసి కక్కించొద్దు, పాలు, మజ్జిగ తాగించొద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. మందు సీసా తప్పక వెంట తీసుకుపోండి, విరుగుడు పేరు లేబుల్ మీదే ఉంటుంది. పై మందులకు డాక్టర్లు అట్రోపిన్ ఇస్తారు.

గడ్డిమందు పారాక్వాట్ సంగతి వేరు. దానికి విరుగుడు లేదు. నోరు, గొంతు మండి, ఊపిరి ఆడకపోవడం కొన్ని రోజులకు మొదలవుతుంది. ఒక్క గుక్క లోపలికి పోయినా, ఏమీ కాలేదని ఇంట్లో ఉండొద్దు.

ఆసుపత్రిలో కాస్త తేరుకోగానే ఇంటికి పోతామని పట్టుబట్టేవాళ్లున్నారు. మొదట చెప్పిన మందులతో ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు మెడ నిలపలేకపోవడం, ఊపిరి తీసే కండరాలు బలహీనపడటం జరగొచ్చు. డాక్టరు పొమ్మనే దాకా అక్కడే ఉండాలి.